పైన పొర ఎండితే చాలదు

చిత్తూరు చుట్టుపక్కల గ్రానైట్ ఫ్యాక్టరీల్లో స్లర్రీ పంపు దగ్గర పనిచేసేవాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. రాయి కోసేటప్పుడు పొడి, నీళ్లు కలిసి వచ్చే బురదే స్లర్రీ. రంపం ఆడుతున్నంతసేపూ అది మజ్జిగలా పారుతుంది. కరెంటు పోయి పంపు కాసేపు ఆగిందంటే చిక్కటి స్లర్రీ పైపులోనే గడ్డపెరుగవుతుంది. దాన్ని మళ్లీ కదిలించడానికి పంపు గింజుకోవాలి. కదిలిందా, మళ్లీ మజ్జిగే. పెరుగును చిలికితే తిరిగి తోడుకోదు, ఇది మాత్రం వదిలేస్తే మళ్లీ తోడుకుంటుంది. అదొక్కటే తేడా.

ఈ గుణాన్ని థిక్సోట్రోపీ అంటారు. నీళ్లలోని సన్నటి రేణువులు కదలకుండా ఉంటే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, కుదిపితే ఆ పట్టు తెగుతుంది. కాబట్టి స్లర్రీ ఎంత చిక్కగా ఉందన్న ప్రశ్నకు ఒక్క అంకె జవాబు కాదు. ఎన్నాళ్లు నిలిచాక కొలిచారు, ఎంత కుదిపాక కొలిచారు అన్నది కూడా చెప్పాలి. ఫ్యాక్టరీలు స్లర్రీ పారబోసే గుంతలను నింపిన రోజు చూసి సంతకం పెట్టే తనిఖీ చాలదని మేమంటున్నది అందుకే.

గ్రానైట్ పొడిలో బంకమట్టి ఉండదు, నీరు త్వరగా దిగిపోతుంది, భయమెందుకు అంటారు కొందరు. నీరు దిగుతుంది, నిజమే. కానీ బంక లేకపోవడమే ఇక్కడ చిక్కు. పైన ఎండి పగుళ్లు తేలిన పొర కింద తడి మిగిలి ఉంటే, ఆ పొడిని పట్టి ఉంచేది పెద్దగా ఏమీ ఉండదు. పక్కన టిప్పర్ తిరిగినా, పెద్ద వాన పడినా ఊబి అయిపోతుంది. మేకకు, మేక వెనక పరుగెత్తే పిల్లవాడికి ఆ తెల్లటి గుంత గట్టి నేలలాగే కనిపిస్తుంది.

బ్రెజిల్‌లోని బ్రుమాడిన్యోలో 2019 జనవరి 25న కూలిన ఇనుప గని వ్యర్థాల కట్ట 270 మందిని పొట్టన పెట్టుకుంది. అంతకు రెండేళ్లకు పైగా అందులో కొత్త వ్యర్థం పోయలేదు. 2018 సెప్టెంబరులో కట్ట భద్రమేనని ధ్రువపత్రం కూడా ఇచ్చారు. లోపల ఇనుప ఆక్సైడ్ రేణువులను సిమెంటులా అతికించిందని, దాంతో అది గట్టిపడినా పెళుసైందని నిపుణుల బృందం తర్వాత తేల్చింది. నెమ్మదిగా సాగుతూ, వాన నీరు పట్టి, ఉన్నట్టుండి ద్రవమైపోయింది. మన గుంతలు ఆ కట్టంత పెద్దవి కావు, అక్కడి రాయి వేరు, ఇక్కడి రాయి వేరు. ఎండిందిలే అన్న ధీమా మాత్రం రెండుచోట్లా ఒకటే.

2021 నవంబరు వానల్లో రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించిన రోజులు తిరుపతి వాళ్లు మరిచిపోలేదు. ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోపు స్లర్రీ గుంతలన్నిటి లెక్క తీయాలి. చుట్టూ కంచె, పక్కన బోర్డు ఉండాలి. పై పొరను చూసి వదిలేయకుండా లోతు నుంచి నమూనా తీసి, నెలకోసారి బలం కొలవాలి. కాంక్రీటు ఎంత జారుగా ఉందో చూడటానికి మేస్త్రీలు వాడే స్లంప్ కోన్‌తోనే, పారే స్లర్రీ ఎంత చిక్కబడిందో మోటుగా తెలిసిపోతుంది. లోతైన పరీక్షకు తిరుపతిలో ఐఐటీ ఉంది, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ) ఉంది.

అసలు స్లర్రీగా గేటు దాటనివ్వకపోవడమే మేలు. ఫిల్టర్ ప్రెస్‌తో నీరు పిండితే మిగిలేది ట్రాక్టర్‌కెత్తగల ముద్ద. ఇటుకల్లో కలపొచ్చు, పిండిన నీరు మళ్లీ రంపానికే పనికొస్తుంది. చిన్న యూనిట్లకు ఆ మెషీన్ భారమే. నాలుగైదు కలిసి ఒకటి పెట్టుకునేలా ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వాలి, ఇచ్చాక కూడా రాత్రిపూట ట్యాంకర్‌తో వంకలో పోసేవారి లైసెన్సు రద్దు చేయాలి.