సవరణ: స్టాండర్డ్ ఆయిల్ ముక్కలైంది 1890లో కాదు

అమెరికాలో కంపెనీల గుత్తాధిపత్యాన్ని అడ్డుకోడానికి తెచ్చిన షెర్మన్ చట్టం మీద మొన్న పెట్టిన పోస్టులో, 1890లో అది రాగానే రాక్‌ఫెల్లర్‌ చమురు కంపెనీ అయిన స్టాండర్డ్ ఆయిల్‌ని ప్రభుత్వం ముక్కలు చేసేసిందని రాశాను, అది తప్పు. చట్టం 1890 జులైలోనే వచ్చింది గానీ కంపెనీ 34 ముక్కలైంది 1911లో, సుప్రీంకోర్టు తీర్పుతో. 1892లో ఒహాయో రాష్ట్ర కోర్టు స్టాండర్డ్ ఆయిల్ ట్రస్టుని (చాలా కంపెనీల్ని ఒకే గుప్పిట్లో ఉంచే ఏర్పాటు) రద్దు చేయమన్న మాట నిజమే, నేను ఆ రెండూ కలిపేశాను, కానీ స్టాండర్డ్ ఆయిల్ వాళ్లు 1899కల్లా న్యూజెర్సీలో హోల్డింగ్ కంపెనీ (వేరే కంపెనీల షేర్లు పట్టుకుని వాటిని నడిపే కంపెనీ) కింద అంతా మళ్లీ ఒకచోటికి తెచ్చేసుకున్నారు. ఇదంతా కోర్టు తీర్పులు, ఆ కాలం మీద వచ్చిన చరిత్ర పుస్తకాలు చూసి సరిచేసిందే.

అసలు మొదట్లో ఆ చట్టం పెద్ద కంపెనీల జోలికి పోయింది తక్కువ. దేశంలో చక్కెర శుద్ధి 90 శాతం పైనే ఒక్క కంపెనీ చేతిలో ఉన్నా, తయారీ వేరు వాణిజ్యం వేరు, ఈ చట్టం వాణిజ్యానికే అంటూ 1895లో సుప్రీంకోర్టు వదిలేసింది. అంతకుముందు ఏడాదే పుల్‌మన్ రైల్వే కార్మికుల సమ్మె మీద మాత్రం షికాగోలో ఫెడరల్ కోర్టు ఇదే చట్టాన్ని వాడి సమ్మె ఆపమని ఆర్డర్ ఇచ్చింది, అది ధిక్కరించాడని యూనియన్ లీడర్ యూజీన్ డెబ్స్ జైలుకెళ్లాడు, ఎవరి కోసం తెచ్చిన చట్టం ఎవరికి తగిలిందో చూడండి.

కంపెనీ ముక్కలై రాక్‌ఫెల్లర్ దెబ్బతిన్నాడన్న లైను కూడా ఆ పోస్టులోంచి తీసేశా, విడిపోయాక ఆ కంపెనీల షేర్లు పెరిగి ఆయన ఆస్తి ఇంకా పెరిగింది.