రిపోర్టు నార్మల్ అయితే సోరియాసిస్ తక్కువగా ఉన్నట్టేనా?

ఒంటి మీద చెయ్యి వేసి చూడకుండా, రక్త పరీక్ష కాగితం చూసి సోరియాసిస్ ఎంత ఉందో తేల్చేసే పద్ధతి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మా అక్కకి అరచేతుల్లో, అరికాళ్ళలో సోరియాసిస్. చపాతీ పిండి కలిపితే ఉప్పు పగుళ్ళలోకి దిగి కళ్ళ వెంట నీళ్ళు కారతాయి. మడమ దగ్గర చీలిక విచ్చుకుని చెప్పుకి రక్తం అంటుతుంది. ఈమధ్య ఒక ఆస్పత్రిలో సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ అని ఒంట్లో వాపుని పట్టే రక్త పరీక్షలు చూసి, "అన్నీ నార్మలే అమ్మా, మీది మైల్డ్, టెన్షన్ పడకండి" అని పంపించేశారు. బయటికొచ్చాక అక్క "నేనే ఎక్కువ చేసుకుంటున్నానేమోరా" అంది. నన్ను బాధపెట్టింది ఆ మాటే.

సీఆర్‌పీ లివర్‌లో తయారవుతుంది. ఒంట్లో ఎక్కడ వాపున్నా పెరగొచ్చు. పంటి చిగురు చీము పట్టినా, జ్వరమొచ్చినా, బరువు బాగా ఎక్కువున్నా పెరుగుతుంది. ఈఎస్‌ఆర్ రక్తహీనత ఉన్నా పెరుగుతుంది, మన ఆడవాళ్ళలో అదెంత మామూలో తెలిసిందే. తెల్లరక్తకణాల్లో రెండు రకాలైన న్యూట్రోఫిల్స్‌ని లింఫోసైట్లతో భాగించి చూసే లెక్క కూడా ఒకటుంది. జబ్బు ఎక్కువున్నవాళ్ళలో అది సగటున ఎక్కువగా ఉన్నట్టు చాలా పరిశోధనల్లో వచ్చింది. కానీ తక్కువున్నవాళ్ళ అంకెలూ ఎక్కువున్నవాళ్ళ అంకెలూ చాలావరకు కలిసిపోతాయి. గుంపు మీద నిలిచే లెక్కతో మా అక్క ఒక్కదాని సంగతి ఎలా చెప్తారు? బీటా డిఫెన్సిన్-2 అనే ప్రోటీన్ కాస్త ఆశ పుట్టిస్తోంది, చర్మంలో జబ్బు పెరిగేకొద్దీ రక్తంలో అదీ పెరుగుతోందట. అయినా అది మన వీధి చివరి ల్యాబ్‌లో చేసే పరీక్ష కాదు.

తీవ్రత కొలవడానికి 1978 నుంచీ పాసీ స్కోరు ఉంది. సూది అక్కర్లేదు. ఎరుపు, మందం, పొట్టు, ఎంత మేర పాకింది, ఇవి చూసి 0 నుంచి 72 వరకు వేస్తారు. అదీ మా అక్క విషయంలో సరిపోదు. వేళ్ళతో కలిపి ఒక అరచెయ్యంటే ఒంట్లో దాదాపు 1 శాతం, కాబట్టి స్కోరు తక్కువే వస్తుంది. అందుకే 1994లో కార్డిఫ్‌లో తయారైన డీఎల్‌క్యూఐ అనే ప్రశ్నపత్రం నాకు ఇష్టం. పది ప్రశ్నలు: పోయిన వారం ఎంత నొప్పి, ఇంటి పనికి ఎంత ఇబ్బంది, నలుగురిలోకి వెళ్ళడానికి ఎంత బిడియం. 30కి 10 దాటితే జబ్బు బతుకుని గట్టిగా దెబ్బతీస్తున్నట్టే. ఈ ప్రశ్నలు అక్కని ఎవరూ అడగలేదు.

దీనికితోడు చుట్టాల గోల. "రక్తం చెడిపోయింది, శుద్ధి చేయించండి" అంటారు. దయచేసి ఆ మాట మానండి. చెడు రక్తం వల్ల వచ్చే జబ్బు కాదిది, అంటుకునేదీ కాదు. రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి, ఐఎల్-23, ఐఎల్-17 లాంటి సంకేతాలతో చర్మకణాలని తొందరపెట్టడం వల్ల వస్తుంది. రక్తశుద్ధి పేరుతో అమ్మే కొన్ని పొడుల్లో స్టెరాయిడ్ కలుపుతారు. వేసుకున్నన్నాళ్ళూ తగ్గినట్టుంటుంది, ఆపేసరికి ఇంతకింతై విరుచుకుపడుతుంది.

రక్త పరీక్షలు వద్దనడం లేదు. సోరియాసిస్‌కి మెథోట్రెక్సేట్ అనే మాత్ర వాడేవాళ్ళు రక్తకణాలూ, లివరూ, కిడ్నీలూ చూపించుకుంటూ ఉండాల్సిందే (ఆ మాత్ర వారానికోసారి మాత్రమే, రోజూ వేసుకుంటే ప్రాణాపాయం). ఐఎల్-17 లాంటి సంకేతాలని అడ్డుకునే బయొలాజిక్ ఇంజెక్షన్లకి ముందు టీబీ, హెపటైటిస్ పరీక్షలు కావాలి. సోరియాసిస్ ఉన్నవాళ్ళకి షుగర్, గుండెజబ్బుల ముప్పు ఎక్కువ కాబట్టి అవీ చూసుకోవాలి. అవన్నీ మందుల కోసం, మిగతా ఒంటి కోసం. చర్మం ఎంత బాధపడుతోందో అవి చెప్పవు.

ఈ జబ్బు కీళ్ళనీ పట్టొచ్చు, ఆ విషయంలో మరీ జాగ్రత్త. పొద్దున లేవగానే వేళ్ళు ముడవడానికి అరగంట పైగా పడుతున్నా, ఒక వేలు మొత్తం ఉబ్బినా కీళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. కీళ్ళవాతానికి చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్త పరీక్ష నెగెటివ్ వచ్చిందని ఊరుకోకండి. సోరియాటిక్ ఆర్థ్రైటిస్ అనే ఈ కీళ్ళజబ్బులో మామూలుగా అది నెగెటివ్‌గానే వస్తుంది, సీఆర్‌పీ కూడా చాలామందిలో నార్మల్‌గానే ఉంటుంది. ఆలస్యమైతే మాత్రం కీలు అరిగి వంకర తిరగొచ్చు, ఆ తర్వాత ఏ మందూ దాన్ని వెనక్కి తేలేదు.