చదివే డాక్టరు ఎవరో చెప్పండి, చూస్తాం

అమెరికాలో మన ఎముకల్నీ పేగుల్నీ చూసి చెప్పే ఘనుడు రేడియాలజిస్టు. ఆయన్ని మాత్రం మనం చూడలేం. ఎక్కడో చీకటి గదిలో తెర ముందు కూర్చుని మన స్కాన్ చదివేస్తాడు. పేరు తెలిసేది బిల్లు వచ్చాకే. అలాంటి అజ్ఞాతవాసిని ముందే పట్టుకుని, "అయ్యా, తమరు మా నెట్‌వర్క్‌లో ఉన్నారా?" అని, అంటే మన ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్నవాళ్ల జాబితాలో ఉన్నారా అని, కనుక్కోవడం రోగి బాధ్యతట! సరే, కనుక్కుంటాం.

"మా ఇన్సూరెన్స్ తీసుకుంటారా అండీ?"

"అన్నీ తీసుకుంటామండీ." స్కాన్ సెంటరు వాళ్లది విశాల హృదయం.

"అంటే నెట్‌వర్క్‌లో ఉన్నట్టేనా?"

"అది మీ ఇన్సూరెన్స్ వాళ్లని అడగాలి."

అడుగుతాం. ముందు సంగీతం వినిపిస్తారు, చాలాసేపు. తర్వాత, "సెంటరు ఉందండీ. చదివే డాక్టరు ఎవరో చెప్పండి, చూస్తాం." మళ్లీ సెంటరుకి. "ఆ రోజు డ్యూటీలో ఎవరుంటే వాళ్లేనండీ." పోనీ వాళ్ల గ్రూపు పేరు? "బిల్లింగ్ వాళ్లని అడగండి." బిల్లింగ్ వాళ్లకి సీపీటీ కోడు, అంటే ఏ పరీక్షో చెప్పే అంకె, కావాలి. కోడు రాసిన డాక్టరాఫీసులో అది భోజనాల వేళ. ఈలోగా నడుము ఎమ్మారైకి ముందస్తు అనుమతి కావాలంటూ ఇన్సూరెన్స్ వాళ్ల నుంచి ఇంకో కబురు: ఆరు వారాలు ఫిజికల్ థెరపీ చేసి చూశారా అని, మన వెన్ను ఎన్నడూ చూడనివాళ్లు అడుగుతారు. ఇంతా చేశాక రికార్డు చేసిన గొంతొకటి చల్లగా చెబుతుంది: ఈ సమాచారం చెల్లింపుకి హామీ కాదు.

చట్టం లేకేం? నో సర్‌ప్రైజెస్ యాక్ట్, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఆస్పత్రి నెట్‌వర్క్‌లో ఉంటే, అక్కడి స్కాన్ చదివిన బయటి రేడియాలజిస్టు అదనంగా గుంజకూడదు. మంచిదే. విడిగా ఉన్న ఇమేజింగ్ సెంటర్లకి మాత్రం ఆ రక్షణ లేదు. చవకని చెప్పి ఇన్సూరెన్స్ వాళ్లు మనల్ని తోలేదేమో అక్కడికే. నెట్‌వర్క్ డాక్టర్ల పేర్లుండే డైరెక్టరీని 90 రోజులకోసారి సరిచూడాలని కూడా అదే చట్టంలో ఉంది. సరిచూస్తున్నారు కాబోలు, రిటైరైనవాళ్లూ ఊరు మారినవాళ్లూ అందులో చెక్కుచెదరకుండా ఉన్నారు.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) దగ్గర నాకు నవ్వు రాదు. 2010 నాటి ఒబామాకేర్ అనే ఆరోగ్య బీమా చట్టం పుణ్యాన, ఏ లక్షణమూ లేకుండా ముందుజాగ్రత్తగా తీసే స్క్రీనింగ్ మామోగ్రామ్‌కి డబ్బు కట్టక్కర్లేదు. అందులో అనుమానం వచ్చి మళ్లీ రమ్మంటే అది డయాగ్నస్టిక్ (రోగ నిర్ధారణ పరీక్ష) అయిపోయేది, డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ కంటే ముందు మనం కట్టాల్సిన వాటా, మొదలయ్యేది. ఆ మలి పరీక్షకి డబ్బడగొద్దని చెప్పడానికి ప్రభుత్వానికి 2026 ప్లాన్లదాకా పట్టింది. ఇప్పటికీ, చేతికి గడ్డ తగిలి తనంతట తనే పరిగెత్తుకొచ్చిన ఆడమనిషిది స్క్రీనింగ్ కాదు. చాలా ప్లాన్లలో ఆమె జేబు తడుముకోవాల్సిందే. ఏమీ లేకపోతే ఉచితం, గడ్డ ఉంటే బిల్లు! ఎవడయ్యా ఈ లెక్క వేసింది? ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్న మనిషి ముందు మీ నెట్‌వర్కుల జాబితా వెతుక్కోవాలా? ఖర్చుకి జడిసి వచ్చే నెల చూద్దాంలే అని ఒక్కరు ఆగిపోయినా, ఆ పాపాన్ని ఏ కోడు కింద రాస్తారు?