జవానుకు సెల్యూట్ సరే, హెల్మెట్‌కు మినహాయింపు ఎందుకు?

నంబరు ప్లేటు మీద ‘ఆర్మీ’ అన్న ఎర్ర స్టిక్కరు కనిపిస్తే చాలు, నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా తనిఖీ దగ్గర బండి ఆగదు. నడిపేవాడికి హెల్మెట్ ఉండదు, వెనక కూర్చున్న ఇల్లాలికీ ఉండదు. అయినా ‘పోనీలే, జవాను’ అని పంపేస్తారు. ఇదే గౌరవం అనుకుంటున్నారు. సరిహద్దు నుంచి క్షేమంగా సెలవుకొచ్చిన బిడ్డ సొంతూరి రోడ్డు మీద తల పగిలి పడితే, ఆ మినహాయింపు ఇచ్చిన చెయ్యి ఏం సమాధానం చెబుతుంది?

మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ హెల్మెట్ పెట్టుకోవాలంటోంది. తలపాగా ధరించిన సిక్కులను మినహాయించింది తప్ప యూనిఫాంను మినహాయించలేదు. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 50,029 మంది ద్విచక్ర వాహనాల మీద హెల్మెట్ లేకుండా వెళ్లినవారు, నడిపినవాళ్లూ వెనక కూర్చున్నవాళ్లూ కలిపి. ఈ లెక్కలు పోలీసులకు తెలియనివి కావు.

ప్రాణాలకు తెగించి కాపలా కాసేవాడికి ఊళ్లో చలానా రాయడమేమిటని కొందరు నొచ్చుకుంటారు. బండి నడపడంలో శిక్షణ కూడా ఇవ్వాలంటే, ఉన్నదే కొద్దిరోజుల సెలవు, అందులోనూ శిక్షణలా అని మరికొందరు అంటారు. ఆ ఆవేదన అర్థమవుతుంది. కానీ మినహాయింపుకు అది కారణం కాదు.

తుపాకీ చేతికిచ్చే ముందు సైన్యం నెలల తరబడి నేర్పుతుంది. అదే మనిషి సొంత బండి ఎక్కాలంటే మాత్రం మొదటి గేరులో ఎనిమిది అంకె తిప్పి కాలు కింద పెట్టకపోతే చాలు, లైసెన్సు వచ్చేస్తుంది. ఆ పరీక్షలో గట్టిగా బ్రేకు వేయాల్సిన అవసరమే రాదు. పైగా సైనికుల కోసం నడిపే క్యాంటీన్ ద్వారా తక్కువ ధరకు బండి ఇస్తున్నారు. రాయితీ ఇచ్చే సర్కారు, బండి మీద పట్టు ఉందో లేదో మాత్రం అడగదు. ఇది మరో మినహాయింపు.

గిద్దలూరు, కంభం వైపు పల్లెల్లో ఇలాంటి బండ్లు చూడవచ్చు. పట్టా కప్పుకుని వసారాలో ఎనిమిది, పది నెలలు పడుంటాయి. టైర్లలో గాలి దిగిపోతుంది, చైను ఎండిపోతుంది, బ్రేకు కేబుల్ బిగుసుకుంటుంది. సెలవుకొచ్చిన రోజే కిక్కు కొట్టి హైవే ఎక్కేస్తారు. ముందు చూడాల్సినవి ఎన్నో లేవు. చల్లటి టైర్లలో గాలి కొట్టించాలి. చైను నడిమధ్యలో రెండు మూడు సెంటీమీటర్లకు మించి ఊగకూడదు. టైరు పక్కన చివరి నాలుగంకెలు దాని వయసు చెబుతాయి: 2319 అంటే 2019లో 23వ వారం. అరగకపోయినా అంత పాత రబ్బరు గట్టిపడి తడి రోడ్డును పట్టుకోదు.

అసలు లోపం చేతిలో ఉంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదురుగా ఉన్నదాన్ని కన్ను చూసి చెయ్యి కదిలేలోపే ఆ 17 మీటర్లూ అయిపోతాయి. పొడి తారు మీద రెండు బ్రేకులూ సరిగ్గా పడితే ఆగడానికి ఇంకో 20 మీటర్లు కావాలి. కంగారులో మనవాళ్లు తొక్కేది వెనక బ్రేకు ఒక్కటే. బ్రేకు పడగానే బరువు ముందుకొస్తుంది, వెనక చక్రం తేలికై లాకవుతుంది, బండి అడ్డం తిరుగుతుంది. ఆపే బలంలో ఎక్కువ పాలు ముందు బ్రేకుదే. దాన్ని ఒక్కసారిగా గుంజినా పడేస్తుంది. నిమ్మకాయ పిండినట్టు మొదట మెల్లగా, బరువు ముందుకు దిగాక గట్టిగా నొక్కాలి. ఉపన్యాసంతో ఇది రాదు. ఖాళీ మైదానంలో కోన్లు పెట్టి యాభైసార్లు చేయిస్తే వస్తుంది.

మన రోడ్లు ఇంకాస్త ఎక్కువే నేర్చుకోమంటాయి. కోతల కాలంలో కోవూరు, బుచ్చిరెడ్డిపాలెం వైపు సగం రోడ్డు మీద వడ్లుంటాయి, చుట్టూ రాళ్లుంటాయి, రాత్రయితే నల్ల పట్టా కప్పి ఉంటుంది. చీమకుర్తి దగ్గర గ్రానైట్ లారీల దుమ్ము మలుపుల్లో పేరుకుంటుంది. బండి వాలి ఉండగా గింజల మీదో ఇసుక మీదో ముందు బ్రేకు పడితే ఇక లేవదు. వేగం మలుపుకు ముందే తగ్గించాలి, చూపు మలుపు చివరన ఉండాలి.

అమెరికా సైన్యం దీన్ని మెట్లు మెట్లుగా పెట్టుకుంది. బైకు నడిపే సైనికుడు ముందు ప్రాథమిక కోర్సు చేయాలి, ఏడాదిలోపు తర్వాతి కోర్సు. స్పోర్ట్స్ బైకులకు వేరే కోర్సు ఉంది. ఆరు నెలలకు పైగా బయటి విధుల్లో ఉండి వచ్చినవాడు మళ్లీ రిఫ్రెషర్‌కు వెళ్లాలి. డబ్బు కట్టక్కర్లేదు, సెలవు పోదు. హెల్మెట్ నిబంధన కంటోన్మెంట్ గేటు బయట, సెలవు రోజున కూడా వర్తిస్తుంది. మన సైన్యానికి చేతకాని పనేమీ కాదిది. 2017లో యలహంకలో ఒకే 500 సీసీ బుల్లెట్ మీద 58 మందిని నడిపించి ప్రపంచ రికార్డు కొట్టినవాళ్లు మన జవాన్లే.

క్యాంటీన్ బండికి శిక్షణ ధ్రువపత్రం తప్పనిసరి చేయాలి. సెలవు మంజూరుకు ముందే యూనిట్లో ఒక పూట బ్రేకు సాధన చేయించాలి. దర్శిలో డ్రైవింగ్ శిక్షణ సంస్థ ఉంది, నెల్లూరులో, ఒంగోలులో సైనిక సంక్షేమ కార్యాలయాలున్నాయి. ఇవి చేతులు కలిపితే సెలవుపై వచ్చినవారికి ఇక్కడే ఆదివారం శిక్షణ పెట్టవచ్చు.

ఇక స్టిక్కర్ల సంగతి. ఈరోజు ‘ఆర్మీ’కి వదిలారు, రేపు ‘పోలీస్’కు, ఎల్లుండి ‘ప్రెస్’కు, ఆ తర్వాత నాయకుడి ఫొటోకు. ఆ వరుసలో మా విలేకరి ఉన్నా ఆపాల్సిందే. నంబరు ప్లేటు మీద నంబరు తప్ప మరో మాట ఉండకూడదన్నది ఎప్పటినుంచో ఉన్న నిబంధనే, ఎస్పీలు కొత్త ఉత్తర్వు కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. జవాను కనిపిస్తే సెల్యూట్ కొట్టండి. బండి పక్కకు పెట్టించి స్టిక్కరు అక్కడే గీకించండి, చలానా రాయండి, హెల్మెట్ తెచ్చుకునేదాకా తాళం ఇవ్వకండి.