కొన్నవాడే ముందు ఓడాలి

2001 జులై 2, వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమా. అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (నేటి డబ్ల్యూడబ్ల్యూఈ) తన వారం వారం టీవీ షో 'రా'లో చివరి భాగాన్ని, మూడు నెలల కిందట తాను కొన్న పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూకి అప్పగించింది. కామెంటేటర్లు మారారు. ఆ కంపెనీ చాంపియన్ బుకర్ టీ, అక్కడివాడే అయిన బఫ్ బ్యాగ్‌వెల్ తలపడ్డారు. మ్యాచ్ మొదలైన కాసేపటికే హాలంతా ఛీకొట్టడం మొదలుపెట్టింది. చివరికి ఇంటి (డబ్ల్యూడబ్ల్యూఎఫ్) స్టార్లు స్టీవ్ ఆస్టిన్, కర్ట్ యాంగిల్ మధ్యలో దూరి బుకర్‌ను చితక్కొడితే గానీ జనానికి ఊపు రాలేదు.

ఆ రాత్రే కథ సగం ముగిసిపోయింది. రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ఆఫీసులో కూర్చున్నవాళ్లు రాస్తారు, ఆ సంగతి చూసేవాళ్లకీ తెలుసు. అలాంటి చోట పోటీ కంపెనీని కొన్నామంటే కొన్న సరుకు ఏమిటి? 'వీళ్లు మనవాళ్లను నిజంగా ఓడించగలరేమో' అన్న అనుమానమే. దాన్ని మొదటి నెలల్లోనే చంపేస్తే చేతిలో మిగిలేది లోగో, పాత టేపులు.

డబ్ల్యూసీడబ్ల్యూ ఆషామాషీ ప్రత్యర్థి కాదు. ఒకప్పుడు వరసగా 83 వారాలు రేటింగుల్లో 'రా'ను వెనక్కి నెట్టింది. ఆ చేదు జ్ఞాపకమే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ యజమాని విన్స్ మెక్‌మాన్ చేతికి వచ్చిన అసలు పెట్టుబడి. కానీ డబ్ల్యూసీడబ్ల్యూ పెద్ద స్టార్లు గోల్డ్‌బర్గ్, స్టింగ్, రిక్ ఫ్లెయిర్, కెవిన్ నాష్‌ల భారీ కాంట్రాక్టులు దాని పాత యజమాని టైమ్ వార్నర్ దగ్గరే ఉండిపోయాయి. వాటిని తలకెత్తుకోవడం ఖర్చెక్కువని వదిలేశారు. సైన్యం లేకుండా దండయాత్ర మొదలెట్టారన్నమాట. అయినా జులైలో 'ఇన్వేజన్' పే-పర్-వ్యూను (విడిగా డబ్బు కట్టి టీవీలో చూసే షో) జనం ఎగబడి కొన్నారు. ఆకలి జనానికి ఉంది, వడ్డించే తీరే తేడా కొట్టింది.

నవంబరులో 'సర్వైవర్ సిరీస్' షోలో ఓడిన కంపెనీ మూతపడుతుందని పందెం పెట్టారు. దండెత్తినవాళ్ల (డబ్ల్యూసీడబ్ల్యూ వైపు) జట్టు చూడండి: ఆస్టిన్, యాంగిల్, షేన్ మెక్‌మాన్, బుకర్ టీ, రాబ్ వాన్ డ్యామ్. ఐదుగురిలో ముగ్గురు ఇంటివాళ్లే! వాళ్లలో ఒకడు యజమాని కొడుకు. ఇది రెండు కంపెనీల యుద్ధమా, ఒకే కుటుంబంలో ఆస్తి తగాదానా? ఫ్లెయిర్ తెరమీదికి వచ్చింది ఆ మర్నాడే. డబ్ల్యూసీడబ్ల్యూలో వెలిగిన హల్క్ హోగన్, స్కాట్ హాల్, నాష్‌లు మూడు నెలలకు వచ్చారు. ఇంకొంచెం ఆగి ఉంటే వీళ్లంతా చేతికి అందేవాళ్లే.

ఇలాంటి కథనే జపాన్‌లో వేరేలా నడిపారు. అక్కడి రెజ్లింగ్ కంపెనీలు న్యూ జపాన్, యూడబ్ల్యూఎఫ్‌ఐల మధ్య విలీనం జరగలేదు, పోటీ మాత్రమే నడిచింది. 1995 అక్టోబరులో టోక్యో డోమ్ స్టేడియంలో ఇంటివాడు (న్యూ జపాన్) ముటో, యూడబ్ల్యూఎఫ్‌ఐ పెద్ద దిక్కు టకాడాను ఓడించాడు. కథ అక్కడితో ఆపలేదు. మరుసటి జనవరి 4న అదే డోమ్‌లో టకాడా గెలిచి న్యూ జపాన్ చాంపియన్ బెల్టు పట్టుకెళ్లాడు. ఏప్రిల్లో న్యూ జపాన్ వాడైన హషిమోటో దాన్ని తిరిగి తెచ్చాడు. నాలుగు నెలలు కూడా నిండని ఆ అప్పు, తిరుగు పోరును డోమ్ స్థాయి మ్యాచ్‌గా నిలబెట్టింది. (లోతుగా చూస్తే యూడబ్ల్యూఎఫ్‌ఐ వాళ్లే ఎక్కువ నలిగారు, అది వేరే సంగతి.)

కాబట్టి రేపు ఎవరు ఎవరిని కొన్నా, కొత్తవాళ్లకు కొన్నాళ్లు వేరే షో, వేరే బెల్టు ఉండాలి. పేరున్న స్టార్లు చేతికొచ్చేదాకా తొలిపోరు ఊసే ఎత్తకూడదు. తొలిపోరులో ఇంటి చాంపియన్ శుభ్రంగా, సాకుల్లేకుండా ఓడాలి. యజమాని కుటుంబం తెరమీద కనిపించకూడదు. లాకర్ రూమ్ (పాత రెజ్లర్లు) ఊరుకోదు, నిజమే. పదేళ్లుగా ఒళ్లు హూనం చేసుకున్నవాడికి 'నిన్న వచ్చినవాడి చేతిలో ఓడు' అంటే మండుతుంది. ఆ మంటను డబ్బుతో, రాతపూర్వకమైన హామీతో చల్లార్చాలి. బుకింగ్‌లో, అంటే ఎవరు గెలవాలో రాసే చోట, పగ తీర్చుకోనివ్వకూడదు.

పగ ఎంతకాలం ఉంటుందో స్టింగ్‌ను చూస్తే తెలుస్తుంది. డబ్ల్యూసీడబ్ల్యూ ముఖచిత్రం లాంటి ఆ మనిషి 2014లో గానీ డబ్ల్యూడబ్ల్యూఈ రింగ్‌లో కాలు పెట్టలేదు. మరుసటి ఏడాది రెసిల్‌మేనియాలో అతనికి దొరికిన మొదటి మ్యాచ్, పద్నాలుగేళ్ల కిందటే ముగిసిన ఆ పాత యుద్ధం పేరు మీదే. అందులోనూ ఇంటివాడైన ట్రిపుల్ హెచ్‌నే గెలిపించారు.