పోలీసుకు పడిన శిక్ష చాలదని ఎవరు అడగాలి?

మహారాష్ట్రలోని సిరొంచలో జిరాక్స్ షాపు దగ్గర మరాఠీ కాగితం పట్టుకుని "ఇందుల ఏం రాసిండ్రు బిడ్డా?" అని అడిగే పెద్దలు తరచూ ఎదురవుతారు. గోదావరి దాటితే కాళేశ్వరం, అంతా తెలుగే. కోర్టు పని పడితే మాత్రం గడ్చిరోలి, నాగ్‌పూర్ దారి పట్టాలి.

పోలీసు తుపాకీకి మనిషి పోయిన కేసుల్లో ఆ దారి ఇంకా పొడవు. ముంబైలో 2006 నవంబర్‌లో గ్యాంగ్‌స్టర్ అనుచరుడన్న అనుమానంతో లఖన్ భయ్యా అనే వ్యక్తిని పోలీసులు ఎన్‌కౌంటర్ పేరుతో చంపారు. 2013లో సెషన్స్ కోర్టు 13 మంది పోలీసులు సహా 21 మందికి జీవిత ఖైదు వేసి, ఎన్‌కౌంటర్ స్పెషలిస్టుగా పేరున్న పోలీసు అధికారి ప్రదీప్ శర్మను వదిలేసింది. 2024 మార్చి 19న బాంబే హైకోర్టు ఆ విడుదలను కొట్టేసి ఆయనకూ జీవిత ఖైదు వేసింది. మధ్యలో పదకొండేళ్లు. పట్టు వదలని మృతుడి సోదరుడు స్వయంగా వకీలు. మన పెద్దాయనకు అంత ఓపిక, అంత చదువు ఎక్కడివి?

శిక్ష పడిన పోలీసు అప్పీలుకు వెళ్లడంలో నాకు ఏ పేచీ లేదు, అది ఎవరికైనా ఉండాల్సిన హక్కు. నేర విచారణ చట్టానికి (సీఆర్‌పీసీ) 2009లో అమల్లోకి వచ్చిన సవరణ తర్వాత బాధితులకూ కొంత హక్కు వచ్చింది. నిందితుడిని వదిలేసినా, హత్యను చిన్న నేరంగా తేల్చినా, పరిహారం తక్కువైనా వాళ్లు అప్పీలు చేయొచ్చు. విధుల్లో ఉన్నవాడు సదుద్దేశంతో హద్దు దాటాడంటే హత్య కాస్తా చిన్న నేరంగా తగ్గిపోతుంది కదా, అక్కడ ఈ హక్కు పనికొస్తుంది. 1997లో ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో పోలీసులు వేరే ఎవరో అనుకుని ఇద్దరిని కాల్చి చంపిన కేసులో నిందిత పోలీసులు ఆ వాదనే తెచ్చారు. 2011లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. నేరం సరిగానే తేలి, శిక్ష మాత్రం తక్కువ పడితే? అప్పుడు అప్పీలు చేయాల్సింది ప్రభుత్వమే. కుటుంబానికి రివిజన్ పిటిషన్, అంటే కింది కోర్టు తీర్పును మళ్లీ చూడమని పైకోర్టును కోరే దారి, ఉంటుంది గానీ, వినడం మానడం కోర్టు ఇష్టం. ఆ పోలీసుకు జీతమిచ్చిందీ ప్రభుత్వమే మరి. లఖన్ భయ్యా కేసులోనే 2015 డిసెంబర్‌లో మహారాష్ట్ర ప్రభుత్వం 11 మంది పోలీసుల జీవిత ఖైదును ఆర్నెల్లు నిలిపేసింది. 2019లో హైకోర్టు దాన్ని రద్దు చేయాల్సి వచ్చింది. అలాంటి సర్కారు దగ్గరికే వెళ్లి, మీ వాడికి శిక్ష పెంచమని అడగండి అనాలి. అది కూడా మరాఠీలో.