ఐదు సెంట్లలో పదిహేడు సెంట్ల చెట్టు

కోనసీమలో సెంటు స్థలం కొనాలంటే గుండె దిటవు చేసుకోవాల్సిన రోజులివి. రిజిస్ట్రేషన్ ఖర్చు లేకుండా భూమి సంపాదించే మార్గం నాకు తెలిసి కూడా దాచుకోవడం పాపం. గేటు పక్కన నిద్రగన్నేరు నాటండి.

మాది 5 సెంట్లు. పన్నెండేళ్ళ కిందట కడియపులంకలో నల్ల కవర్లో జానెడు మొక్క కొన్నాను. నర్సరీ కుర్రాడు "ఎక్కడేస్తారండి?" అన్నాడు. "ఇంటి ముందు" అన్నాను. "ఆయ్" అని డబ్బులు లెక్కపెట్టుకున్నాడు. ఆ 'ఆయ్'లో ఎంత అర్థముందో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

చోటు దొరికితే దీని గొడుగు 30 మీటర్ల అడ్డం పరుచుకుంటుంది. లెక్క కట్టాను: 17 సెంట్ల పైమాటే! అంటే మిగతా 12 సెంట్లు ఇరుగుపొరుగువాళ్ళు ప్రేమగా ఇస్తారన్నమాట. వడియాలు ఎండడం లేదని పక్కింటి పిన్నిగారు గొడవకొచ్చారు. మరి జిగటకాయలు రాలితే వాళ్ళ గేదె కదా తినేది? ఏనాడైనా మేత డబ్బులు అడిగానా?

వేళ్ళదీ తప్పు కాదు. మా నేలలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళు. పైనే దొరుకుతుంటే పాతాళానికి ఎందుకు పోతాయి? పక్కలకు పోయాయి. ప్రహరీ గోడలో మొదట చీమ పట్టేంత బీట, తర్వాత చెయ్యి పట్టేంత సందు. ఇప్పుడు పిన్నిగారి కోడిపెట్ట పిల్లలతో సహా వచ్చిపోతోంది.

కొవ్వూరు దగ్గర కుమారదేవంలో, ఎన్నో సినిమాల్లో కనిపించిన నిద్రగన్నేరు 2024 ఆగస్టులో కూలింది. నూట యాభై ఏళ్ళ చెట్టంటారు. అది పడ్డానికి పక్కన గోదావరంత జాగా ఉంది. మా చెట్టుకి మా పడగ్గది ఉంది.

పొద్దుగూకితే ఆకులు ముడుచుకుని హాయిగా నిద్రపోతుంది. నవంబరులో వాయుగుండం అన్న మాట వినబడితే మేం మాత్రం మేలుకుని కూర్చుంటాం, ఇంటికో మనిషి చొప్పున కాపలా అన్నట్టు.

మొన్న లైన్‌మన్ వచ్చి తీగలవైపు కొమ్మలన్నీ నరికేశాడు. "ఇటు కూడా కాస్త చూడు బాబూ" అంటే "ఇటు వైర్లు లేవు కదండీ" అన్నాడు. న్యాయమే. ఇప్పుడు బరువంతా ఇంటివైపే ఉంది. మంచాలు హాల్లోకి లాగేశాం. పడగ్గదిలో కొబ్బరికాయలు పోసుకుంటున్నాం.